గోటి మీద చుక్క

ఆ సైకిలుకి గంట లేదు. అక్కర్లేదు కూడా.
గోనెసంచిలో రెండు పక్కలా ముప్ఫై ఒక్క సీసా
ఏటిగట్టు మీద గుంట వచ్చిన ప్రతిచోటా
ఒకదాన్నొకటి పలకరించుకుంటూ వచ్చేవి.

కడలి పళ్ళాలరావు.
మూడు గేదెలు, ఒక పడ్డ, లంకలో అరెకరం పిల్లిపెసర.
సీసాలు కొన్ని దగ్గుమందువి, కొన్ని సారాకొట్టువి,
ఒకటి మాత్రం ఎక్కడిదో, అడుగున ఏనుగు బొమ్మ అచ్చు.
అది ఎవరి వంతుకొస్తే ఆ రోజు ఆ ఇంటి పిల్లలు రాజులు.

మూతలు ఉండేవి కావు.
అరిటాకు చీలిక మెలిపెట్టి బిగించేవాడు.
తీస్తే ముందు ఆకు వాసన,
తరవాత పొదుగు వెచ్చన.

చదువు రాదు. సీసా మెడకు కట్టిన దారమే పద్దుపుస్తకం.
పోస్టుమాస్టరు గారికి ఎర్రది,
టైలర్ సుభానీకి అతని కత్తెర కింద రాలిన జరీపోగు,
బాలింత ఉన్న ఇంటికి ఏ రంగైనా సరే, రెండు ముళ్ళు.
మాది నీలం.

మధ్యాహ్నం మంగాయమ్మ బోరింగు దగ్గర కూర్చుని
గుప్పెడు నూకలు, కాస్త బూడిద వేసి
ఒక్కో సీసానీ ఆడించేది.
ఎక్కాలు చదివే మా బడిదాకా వినపడేది ఆ గలగల.
కడిగిన నూకలు కోళ్ళకి.

మా అమ్మ మాత్రం నమ్మేది కాదు.
రోజూ ఎడం బొటనవేలి గోటి మీద ఒక్క చుక్క వేసి
వెలుతురుకి పెట్టి చూసేది.
"జారింది చూడు. గోదారి కలిపేశావు."
"గోదారి కలపాలంటే రేవుకెళ్ళాలి గదండమ్మా.
అంత తీరికుంటే ఇంకో గేదెని మేపుకుందునండి, ఆయ్."
ఏడేళ్ళు ఇదే మాట, ఇదే జవాబు.
వేరే వాళ్ళయితే నమస్కారాలు పెట్టుకుంటారు.

ఆ శ్రావణం, గోదారి తనే వచ్చి కలిసింది.

అర్ధరాత్రి టముకు.
దూడని మెడ మీదేసుకుని, గేదెల్ని గట్టెక్కించి,
మళ్ళీ వెనక్కి తిరిగేసరికి దడి కనపడలేదు.
దడి పక్కన బోర్లించిన సీసాలు
అటకెక్కించడానికి ఆ రాత్రి చేతులు చాల్లేదు.

ఏరు తీశాక పాకలో మోకాలి లోతు ఒండ్రు.
తవ్వితే ఇరవై రెండు దొరికాయి, నిండా ఎర్రనీళ్ళతో.
దారాలన్నీ ఒకటే రంగు.
ఎవరిది ఎవరిదో ఇక గోదారికే తెలియాలి.

అందులోంచి ఒకటి తెచ్చి మా గడపలో పెట్టాడు.
"గోదారంటే ఇలాగుంటాదండమ్మా. సూసుకోండి."
నవ్వలేదు. వెళ్ళిపోయాడు.
అమ్మ దాన్ని కిటికీలో పెట్టింది.
పాలలోనైతే మీగడ పైకి తేలుతుంది.
ఇందులో మట్టి అడుక్కి దిగింది,
దీపాలవేళకి నాలుగు వేళ్ళ మందం.

పదకొండో రోజు సైకిలు మళ్ళీ వచ్చింది, సగం చప్పుడుతో.
అమ్మ అలవాటుగా గోటి మీద చుక్క వేసింది.
అది ఆగనేలేదు, మణికట్టు దాకా జారింది.
అమ్మ చూసింది. నేనూ చూశాను.
"చిక్కగానే ఉన్నాయి," అంది.

పళ్ళాలరావు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.
"లేదండమ్మా. ఇయ్యాల కలిపాను.
తడిగడ్డి తిని బొల్లిగేదె చేపట్లేదు, ఇంకోటి పడుకునే ఉంది.
ఒక్కదాని పాలు, పదహారిళ్ళు. పసిపిల్లలున్నారు."

అమ్మ లోపలికెళ్ళి కుట్టుపెట్టెలోంచి దారం తెచ్చింది.
ఆ సీసా మెడకే చుట్టి
ఒక ముడి వేసింది.
కాసేపు ఆగి, ఇంకో ముడి.
"పదిరోజులు మా వంతు అక్కడ పొయ్యి," అంది.

పదిరోజులూ నల్లటి బెల్లం కాఫీ తాగాం.
నాకు అస్సలు నచ్చలేదు.

ఏనుగు సీసా మాత్రం దొరకలేదు.
అంతర్వేది దాటి సముద్రంలో ఈదుతుంటాదని పళ్ళాలరావు,
మూత లేని సీసా ఎక్కడ ఈదుతుంది, మునిగే ఉంటుందని అమ్మ,
గడపకి ఆ పక్క ఆయన, ఈ పక్క ఈవిడ,
పాలు పొంగేదాకా.